మనిషి జన్యువు బ్యాక్టీరియాకి ఎలా అర్థమవుతుంది?

ప్రశ్న:
రోజూ పొడుచుకునే ఇన్సులిన్‌తో వచ్చిన కాగితం ఇవాళే చదివాను. ఈ.కోలైలో తయారైందట! మన జన్యువుని ఆ సూక్ష్మజీవి ఎలా చదువుతుందండీ?

జవాబు:
భాష ఒకటేనండీ, తమాషా అదే. డీఎన్ఏలో మూడేసి అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం (ప్రొటీన్ గొలుసులో ఒక పూస), ఈ లెక్క దానికీ మనకీ దాదాపు ఒకటే. చిక్కల్లా మన జన్యువు మధ్యలో ఉండే ఇంట్రాన్లతోనే, అంటే ప్రొటీన్ తయారీకి ముందు తీసేయాల్సిన ముక్కలతోనే. వాటిని కత్తిరించే ఏర్పాటు బ్యాక్టీరియాకి లేదు. అందుకే 1978లో ఇన్సులిన్ గొలుసులు రెండింటికీ (21, 30 అమైనో ఆమ్లాలు) ఇంట్రాన్లు లేని డీఎన్ఏని ల్యాబ్‌లోనే కూర్చి ఈ.కోలైలో పెట్టారు. 1982లో మందుగా అనుమతి వచ్చింది.

మరో జవాబు:
నేను మెరిసే ప్రొటీన్‌ని చేసే జెల్లీఫిష్ జన్యువుని ఈ.కోలైలో పెట్టాను. జన్యువు లోపలికి వెళ్లాలంటే బ్యాక్టీరియా ఉన్న గొట్టాన్ని 42 డిగ్రీల నీళ్లలో నిమిషం లోపే ముంచి తీయాలి. మొదటిసారి కబుర్లలో పడి మరిచిపోయా, అన్నీ చచ్చాయి. రెండోసారి అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆకుపచ్చగా మెరిసే చుక్కలు! జన్యువుని అందుకునేవి కొన్నే లెండి. దానితోపాటు యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు కూడా పెడతాం, అది అందని మిగతావాటిని యాంటీబయాటిక్ చంపేస్తుంది.

అడిగినవారు:
అయితే నా సూదిలో ఆ బ్యాక్టీరియా కూడా ఉంటుందా?

జవాబు:
లేదండీ. ఇన్సులిన్ ప్రొటీన్‌ని శుద్ధిచేసి, అదొక్కటే తీసుకుంటారు.