జెట్స్ మళ్ళీ విన్నిపెగ్ వదిలి వెళ్తే తప్పెవరిది?

పోర్టేజ్ వాసి:
అరిజోనా పని అయిపోయింది, ఇప్పుడు అందరూ మా ఊరి వంక చూస్తున్నారు. 2024 ఏప్రిల్ 18న అక్కడి ఐస్ హాకీ జట్టు కయోటీస్‌ని సాల్ట్ లేక్ సిటీకి పంపడానికి అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ బోర్డు ఒప్పుకుందో లేదో, తర్వాత పోయేది ఎవరు అనే చర్చ మొదలైంది, అందులో మొదటి పేరు కెనడాలో 1996లోనే ఒకసారి జట్టుని పోగొట్టుకున్న మా విన్నిపెగ్ జెట్స్. దానికి కారణం కూడా మా ఓనరే ఇచ్చాడు. సీజన్ మ్యాచ్‌లన్నిటికీ ముందే కొనే సీజన్ టికెట్లు మూడేళ్ళలో 13,000 దగ్గర్నుంచి 9,500కి పడ్డాయని, ఇలాగైతే ఎక్కువ కాలం నడవదని ఫిబ్రవరిలో మార్క్ చిప్‌మన్ స్వయంగా చెప్పాడు. అదే నెలలో లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఊరికొచ్చి, కంగారేం లేదని చెప్పి వెళ్ళాడు. బెట్‌మన్ కంగారు లేదు అన్నాడంటే నాకు కంగారుగానే ఉంటుంది.

ఈ సీజన్‌లో 52 మ్యాచ్‌లు గెలిచాం, 110 పాయింట్లు. ఆదివారం కొలరాడో మీద ప్లేఆఫ్ మొదటి మ్యాచ్ 7-6తో కొట్టాం, మా ప్లేఆఫ్ ఆనవాయితీ ప్రకారం స్టేడియం అంతా తెల్ల బట్టలే. ఇలాంటి జట్టు ఉండి కూడా సీజన్ మొత్తం మీద సగటు జనం 13,500 దాటలేదు, ఉన్నవే 15,000 చిల్లర సీట్లు. నా మటుకు నేను తప్పు మనదే అంటాను, అంటే ఊరిది. మీరేమంటారు?

నార్త్‌పాయింట్ బాబాయ్:
అంత కష్టంగా ఉంటే మాకు పంపేయండి బాబూ :) మా దగ్గర్నుంచి తీసుకెళ్ళిందే కదా అది. 2011లో థ్రాషర్స్‌ని అట్లాంటా నుంచి ఎత్తుకెళ్ళి జెట్స్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆల్ఫారెటాలో నార్త్ పాయింట్ మాల్ స్థలంలో అరీనా కడతామని ఒక గ్రూపు, పైన ఫోర్సైత్ కౌంటీలో జీఏ-400 హైవే పక్కన రెండు బిలియన్ డాలర్ల ప్రాజెక్ట్ అని ఇంకో గ్రూపు. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా ఈ చుట్టుపక్కల, పిల్లలకి క్రికెట్ కోచింగ్ దొరుకుతోంది, ఎన్‌హెచ్‌ఎల్ హాకీ చూపిద్దామంటే నాష్‌విల్ దాకా కారేసుకుని పోవాలి.

సెయింట్ వైటల్ అక్క:
బాబాయ్ గారూ, మీ ఊరు ఒకటి కాదు రెండు జట్లు పోగొట్టుకుంది. 1980లో ఫ్లేమ్స్ కాల్గరీకి, 2011లో థ్రాషర్స్ మాకు. మూడోది ఇస్తే దాన్నీ మూడోసారి ఎవరికో అప్పజెప్తారు.

నార్త్‌పాయింట్ బాబాయ్:
అమ్మా, పోగొట్టుకున్నది ఊరు కాదు, ఓనర్లు. అట్లాంటా స్పిరిట్ అని ఒక గుంపు, వాళ్ళకి బాస్కెట్‌బాల్ జట్టు హాక్స్ కావాలి, అరీనా కావాలి, హాకీ మాత్రం వద్దు. మధ్యలో వాళ్ళలో వాళ్ళే కోర్టుకెక్కారు. హీట్లీ, కొవాల్‌చుక్ లాంటి ఆటగాళ్ళు ఉండి కూడా అన్ని సీజన్లలో ప్లేఆఫ్‌కి వెళ్ళింది ఒక్కసారి, 2007లో, అదీ న్యూయార్క్ రేంజర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడి వచ్చారు. అలాంటి జట్టుకి టికెట్ కొనలేదని జనాన్ని తిడితే ఎలా? మీరు 110 పాయింట్ల జట్టుకి కొనట్లేదు, అది చూసుకోండి ముందు.

లెక్కల మాస్టారు:
బాబాయ్ గారు వదిలేసిన ముక్క ఒకటుంది. థ్రాషర్స్ బేరం మొత్తం 170 మిలియన్ డాలర్లు, అందులో 60 మిలియన్లు తరలింపు ఫీజు కింద లీగ్‌కి పోయింది. మొన్నటి కయోటీస్ బేరం 1.2 బిలియన్లు, అందులో ఒక బిలియన్ పాత ఓనర్ అలెక్స్ మెరుయెలోకి, మిగతా 200 మిలియన్లు మిగిలిన ఓనర్లకి పంపకం. అంటే ఒక ఊరు జట్టుని పోగొట్టుకున్న ప్రతిసారీ, ఓటు వేసే ఓనర్ల జేబులోకి డబ్బు వస్తోంది. వాళ్ళు ఊరి మనోభావాల గురించి ఆలోచిస్తారని ఎవరైనా అనుకుంటే నాకు నవ్వొస్తుంది.

కానీ పోర్టేజ్ వాసి ప్రశ్నకి నా జవాబు వేరు. విన్నిపెగ్ చుట్టుపక్కల అంతా కలిపితే ఎనిమిది లక్షల పైచిలుకు జనం. లీగ్‌లో చిన్న మార్కెట్. టికెట్ డబ్బులు కెనడా డాలర్లలో వస్తాయి, ఆటగాళ్ళ జీతాలు అమెరికా డాలర్లలో పోతాయి, ఇవాళ మన కెనడా డాలర్ విలువ 73 అమెరికా సెంట్ల దగ్గర ఉంది. పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు టొరంటోలో ఉన్నట్టు విన్నిపెగ్‌లో లేవు, కాబట్టి సీజన్ టికెట్లు కొనేది ఎక్కువగా మామూలు కుటుంబాలు. వడ్డీ రేట్లు పెరిగాయి, ఇంటి లోను రెన్యూవల్ వచ్చింది, మొదట కోసేది దేన్ని? హాకీనే. ఇది ప్రేమ ఉందా లేదా అనే విషయం కాదు. అందుకే, బాధగానే చెప్తున్నా, పదేళ్ళలో వెళ్ళిపోయినా నేను ఆశ్చర్యపోను.

సెయింట్ వైటల్ అక్క:
మాస్టారు గారూ, డాలర్ సంగతి 1996 కథ. అప్పుడు మొదటి జెట్స్ ఫీనిక్స్ వెళ్ళినప్పుడు జీతాలకి పరిమితి లేదు, పాత విన్నిపెగ్ అరీనాలో డబ్బొచ్చే లగ్జరీ బాక్సు సీట్లు సరిపడా లేవు, నష్టాలు భరించే ఓనరూ లేడు. ఇప్పుడు ఆ మూడూ మారాయి. 2005 నుంచి సాలరీ క్యాప్ ఉంది, డౌన్‌టౌన్ అరీనా 2004లో కట్టింది, ఓనర్లలో డేవిడ్ థామ్సన్ అంటే కెనడాలోనే అతి పెద్ద ధనవంతుల్లో ఒకడు. ఆయన పక్కనుండగా మా సీజన్ టికెట్ లేకపోతే జట్టు నిలవదంటే నమ్మమంటారా?

టికెట్లు ఎందుకు పడ్డాయో నేను చెప్తాను, ఎందుకంటే వదిలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మేం నాలుగు కుటుంబాలు కలిసి రెండు సీట్లు తీసుకునేవాళ్ళం, మ్యాచ్‌లు పంచుకునేవాళ్ళం, ఇక్కడ చాలామంది చేసేది అదే. ఒక కుటుంబం కాల్గరీ వెళ్ళింది, ఇంకొకళ్ళు బ్రాంప్టన్ వెళ్ళారు. సొంత ఊళ్ళో ఆడేవే 41 మ్యాచ్‌లు, ఇద్దరే మోయడం కుదర్లేదు. పైగా జనవరిలో మంగళవారం రాత్రి, బయట మైనస్ 30, పిల్లాడికి మర్నాడు స్కూలు, ఆడేది కొలంబస్ లాంటి బలహీన జట్టుతో. ఆ టికెట్ రీసేల్‌లో సగం ధరకి దొరుకుతుంటే ముందే మొత్తం కట్టేది ఎవరండీ?

ఇంకో మాట. పోయినేడాది "ఫరెవర్ విన్నిపెగ్" అని ఒక ప్రచార వీడియో వదిలారు గుర్తుందా, అందులో 1996లో జట్టు వెళ్ళిపోయిన రోజుల్ని చూపించి, మళ్ళీ అలా కావాలా అన్నట్టు. టికెట్ అమ్మే పద్ధతి అదా? 1995లో ఇదే ఊళ్ళో పిల్లలు హుండీలు పగలగొట్టి జట్టు కోసం డబ్బిచ్చారు. ఆ పిల్లలే ఇప్పుడు నలభైల్లో ఉండి టికెట్లు కొంటున్నవాళ్ళు. వాళ్ళని బెదిరిస్తారా?

పోర్టేజ్ వాసి:
అక్కా, ఆ వీడియో నాకూ నచ్చలేదు, కానీ బెదిరింపు అయినా నిజం నిజమే కదా. 2011లో 13,000 సీజన్ టికెట్లు పెడితే పబ్లిక్ వాటా నిమిషాల్లో అయిపోయింది, వెయిటింగ్ లిస్టు వేలల్లో. అప్పుడూ మైనస్ 30 ఉంది, అప్పుడూ కొలంబస్ ఉంది.

సెయింట్ వైటల్ అక్క:
అప్పుడు పదిహేనేళ్ళ ఆకలి కూడా ఉంది తమ్ముడూ. ఆ రద్దీ ఎప్పటికీ అలాగే ఉంటుందని లెక్కేసుకున్నది మేం కాదు, ఓనర్లు.

మణికొండ మిడ్‌నైట్:
అన్నలూ అక్కలూ, మధ్యలో దూరుతున్నా. నేను ఇక్కడ పొద్దున్నే లేచి ఐస్ హాకీ చూసే అరుదైన జీవిని. నాకు అర్థం కానిది ఒక్కటే, ఓనర్ మారితే ఊరెందుకు మారాలి? మన డెక్కన్ ఛార్జర్స్‌ని చూడండి, 2009లో కప్పు కొట్టిన జట్టు, 2012లో ఓనర్లు అప్పుల్లో మునిగితే బీసీసీఐ ఫ్రాంచైజీనే రద్దు చేసి, హైదరాబాద్ హక్కులు సన్ టీవీకి అమ్మింది. జట్టు పేరు పోయింది, ఓనర్ పోయాడు, ఊరు మాత్రం మిగిలింది. సన్‌రైజర్స్ ఉప్పల్‌లోనే ఆడుతోంది. మీ దగ్గర ఓనర్ ఉంటాడు, ఊరు పోతుంది.

లెక్కల మాస్టారు:
మంచి పాయింట్ తమ్ముడూ, కానీ ఐపీఎల్‌లో స్టేడియం క్రికెట్ సంఘానిది, ఊరు పెద్దది, కొనేవాళ్ళు క్యూలో ఉంటారు. అదే 2011లో కొచ్చి టస్కర్స్‌ని తీసేశారు, కొచ్చికి మళ్ళీ రాలేదు. పెద్ద ఊరు కాబట్టి హైదరాబాద్ మిగిలింది. ఇక్కడ కూడా అదే సూత్రం.

ఎడారి గోలీ:
చాలాసేపు చదువుతూ ఊరుకున్నా. నేను ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాను, బుధవారం దాకా నాకొక జట్టు ఉండేది, కయోటీస్.

పెద్ద ఊరు మిగులుతుంది అన్నారు కదా మాస్టారూ, ఫీనిక్స్ చుట్టుపక్కల యాభై లక్షల మంది ఉన్నాం. ఎందుకు మిగల్లేదు? జనం రాలేదని అందరూ తేల్చేస్తారు. 2003లో అరీనా ఎక్కడ కట్టారో చూడండి, గ్లెండేల్‌లో, ఫీనిక్స్ లోయకి పడమటి కొసన. హాకీకి డబ్బు పెట్టే జనం ఉండేది తూర్పు వైపు, స్కాట్స్‌డేల్, టెంపీ, చాండ్లర్. సాయంత్రం అయిదింటికి ఆఫీసు నుంచి బయల్దేరి ఊరు మొత్తం అడ్డంగా దాటితే రెండో పీరియడ్‌కి చేరతాం. 2009లో అప్పటి ఓనర్ దివాలా పిటిషన్ వేశాడు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ బాస్ బాల్సిలీ కొని కెనడాలోని హామిల్టన్ తీసుకెళ్తానంటే కోర్టు కుదరదంది, ఆఖరికి లీగే 140 మిలియన్లు పెట్టి కొంది. దిక్కులేని జట్టు 2012లో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే లీగ్ ఫైనల్‌కి ముందు మెట్టు దాకా వెళ్ళింది, ఆ నెలల్లో ఇక్కడ హడావిడి మీరు చూడాల్సింది. ఆ జట్టుని ఉంచడానికి గ్లెండేల్ నగరం ఏడాదికి 25 మిలియన్లు లీగ్‌కి కట్టింది, తర్వాత విసిగిపోయి 2015లో ఒప్పందం రద్దు చేసింది, 2021లో లీజు పొడిగించం పొమ్మంది. నేను వాళ్ళని తప్పుపట్టను. లైబ్రరీలకి పెట్టాల్సిన డబ్బు అది.

ఆ తర్వాత రెండేళ్ళు యూనివర్సిటీ వాళ్ళ ములెట్ అరీనాలో, 4,600 సీట్లు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు! కానీ నిజం చెప్తున్నా, అంత దగ్గర నుంచి హాకీ చూసిన అభిమానులు ఈ లీగ్‌లో ఇంకెవరూ ఉండరు. టెంపీలో చెత్త డంపింగ్ యార్డు ఉన్న 46 ఎకరాల్లో అరీనా, ఇళ్ళు కడతామని 2023 మేలో ఓటింగ్ పెట్టారు, మూడు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. పన్ను రాయితీలు ఎందుకివ్వాలని కొందరు, ఎయిర్‌పోర్ట్ విమానాల దారి కింద ఇళ్ళేంటని ఫీనిక్స్ నగరం. నేను అవును అని ప్రచారం చేశా. ఓడిపోయాక కోపం వచ్చింది, కానీ వాళ్ళ పన్ను, వాళ్ళ ఓటు.

పోయింది స్టేడియం, టికెట్లు మాత్రమే అనుకోకండి. ఆస్టన్ మాథ్యూస్ ఎక్కడ పెరిగాడు? స్కాట్స్‌డేల్‌లో. కయోటీస్ మ్యాచ్‌లు చూసి స్కేట్స్ వేసుకున్న కుర్రాడు జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే 2016 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అయ్యాడు, ఇప్పుడు టొరంటోలో గోల్స్ కొడుతున్నాడు. షేన్ డోన్ విన్నిపెగ్‌లో మొదలుపెట్టి జట్టుతోపాటు ఇక్కడికొచ్చి 2017 దాకా ఇక్కడే ఆడాడు. వాళ్ళబ్బాయి జాష్ డోన్ పోయిన నెల ములెట్‌లో మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు, ఇప్పుడు పెట్టె సర్దుకుని ఉటా పోతున్నాడు. ఎడారిలో హాకీ ఏంటని నవ్వేవాళ్ళకి ఈ ముగ్గురి పేర్లు చాలు.

పోర్టేజ్ వాసీ, తప్పు మనదే అంటున్నారు. అలా అనకండి. మేం కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకుంటూ కూర్చున్నాం, ఈలోగా ఓనర్లు మారుతూనే ఉన్నారు.

నార్త్‌పాయింట్ బాబాయ్:
గోలీ బాబూ, చదివి బాధేసింది. మొదట్లో నేను సరదాకి అన్నాను, ఎవరి జట్టూ లాక్కోవాలని మాకు లేదు. మార్చిలో ఆల్ఫారెటా గ్రూపు, పాత ఆటగాడు యాన్సన్ కార్టర్ వాళ్ళది, లీగ్‌ని అడిగింది కూడా కొత్త జట్టు ఇమ్మనే. ఎవరికీ నష్టం లేకుండా వస్తే చాలు.

లెక్కల మాస్టారు:
ఎవరికీ నష్టం లేకుండా ఎలా బాబాయ్ గారూ? జట్టు లేని ఊరు ఒకటి సిద్ధంగా కూర్చుంటే, ఉన్న ఊళ్ళన్నీ భయపడతాయి, లీగ్‌కి కావాల్సింది అదే. క్యుబెక్ సిటీని చూడండి. అక్కడి జట్టు నార్డిక్స్ 1995లో డెన్వర్ వెళ్ళి, మరుసటేడే కప్పు కొట్టింది (ఇప్పుడు విన్నిపెగ్‌తో ఆడుతున్న కొలరాడో అదే). 2015లో ప్రజల డబ్బుతో కొత్త అరీనా కట్టుకుని ఎదురుచూస్తున్నారు. జట్టు రాలేదు, కానీ ఇన్నేళ్ళుగా వేరే ఊళ్ళని బెదిరించడానికి ఆ ఖాళీ అరీనా బాగానే ఉపయోగపడింది. రేపు నార్త్ పాయింట్ మాల్ దగ్గర పునాది తీస్తే చిప్‌మన్ ప్రెస్ మీట్లో ఒక్క మాట కూడా అనక్కర్లేదు, విన్నిపెగ్ వాళ్ళే లెక్కలు వేసుకుంటారు.

సెయింట్ వైటల్ అక్క:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. అందుకే అంటున్నా, మళ్ళీ టికెట్ తీసుకోమంటే తీసుకుంటాను, కాని భయపడి కాదు. పది మ్యాచ్‌ల ప్యాకేజీ సరైన ధరకి పెట్టండి, ఆ జట్టు ఈ ఊళ్ళో ఎన్నేళ్ళుంటుందో రాతపూర్వకంగా చెప్పండి. మా స్టార్లు హెల్లబక్, షైఫెలీ ఇద్దరూ పోయిన అక్టోబర్‌లో ఏడేళ్ళకి సంతకం పెట్టారు. ఆటగాళ్ళే ఏడేళ్ళు ఉంటామంటుంటే ఓనర్ నోటి నుంచి ఆ మాట రావడానికేం?

పోర్టేజ్ వాసి:
అక్కా, రాతపూర్వకంగా ఇచ్చినా గ్లెండేల్ ఒప్పందం ఏమైందో గోలీ అన్న ఇప్పుడే చెప్పాడు. నేను మాత్రం వచ్చే సీజన్‌కి నా సీట్లు వదలను, నా తర్వాత వాటిలో కూర్చోడానికి ఎవరూ లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. మంగళవారం రెండో మ్యాచ్‌కి మా వాళ్ళలో ఒకరు రాలేకపోతున్నారు, ఒక టికెట్ ఉంది, కొన్న ధరకే ఇస్తా, తెల్ల చొక్కా వేసుకొచ్చేవాళ్ళు మెసేజ్ పెట్టండి.