స్థలం అమ్మిన సొమ్ముపై వచ్చే వడ్డీ భర్త ఆదాయమా, భార్య ఆదాయమా? వాడుకోని మినహాయింపును పంచుకోవచ్చా?

ప్రశ్న: బోడుప్పల్ నివాసి

నేను బాలానగర్‌లోని ఒక ప్రైవేటు కర్మాగారంలో నాణ్యత విభాగంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఏడాది జీతం 11,40,000 రూపాయలు. నా భార్య ఇంట్లోనే రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని జాకెట్లు, పిల్లల బట్టలు కుడుతుంది. ఖర్చులు పోను ఆమెకు ఏడాదికి 1,80,000 రూపాయల వరకు మిగులుతుంది. 2025 జనవరిలో స్థలం అమ్మగా వచ్చిన సొమ్ములో 27,00,000 రూపాయలను ఏప్రిల్ మొదటివారంలో ఇద్దరి పేర్లతో, నా పేరు ముందుండేలా, 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీ చేశాం.

జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా నా ఆదాయం 10,65,000 అవుతుంది. అంతవరకే అయితే కొత్త పన్ను విధానంలో 12,00,000 వరకు ఆదాయానికి ఇచ్చే రిబేటు (పన్ను మాఫీ) వల్ల నాకు పన్నే లేదు. ఎఫ్‌డీ వడ్డీ 1,89,000 కలిసేసరికి అది 12,54,000కు చేరి, 12,00,000 గీత దాటింది. గీత దాటిన మొత్తానికి మించి పన్ను పడకుండా ఇచ్చే ఉపశమనాన్ని లెక్కలోకి తీసుకున్నా, 54,000 పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 56,160 రూపాయలు కట్టవలసి వస్తోంది. అదే సమయంలో నా భార్యకున్న 4,00,000 రూపాయల ప్రాథమిక మినహాయింపులో సగానికి పైగా వృథాగా పోతోంది.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాడు. అక్కడ ఒక మనిషికి 12,570 పౌండ్ల వరకు పన్ను ఉండదట. భార్య సంపాదన అంతకన్నా తక్కువైతే, అందులోనుంచి 1,260 పౌండ్ల మినహాయింపును భర్తకు బదిలీ చేయవచ్చని, దానివల్ల ఏడాదికి 252 పౌండ్ల వరకు పన్ను తగ్గుతుందని చెప్పాడు. మన దేశంలో అలాంటి సౌకర్యం ఉందా? లేకపోతే ఆ ఎఫ్‌డీని రద్దు చేసి నా భార్య ఒక్కదాని పేరున వేస్తే సరిపోతుందా?

జవాబు: పన్ను సలహాదారు, నారాయణగూడ

మీ తమ్ముడుగారు చెప్పినది నిజమే. బ్రిటన్‌లో ఆ సౌకర్యం 2015 ఏప్రిల్ నుంచి ఉంది. పుచ్చుకునేవారు కనీస రేటు పన్ను కట్టేవారై ఉండాలి, అర్హత ఉండీ అడగని ఏళ్లకు నాలుగేళ్లు వెనక్కి వెళ్లి కూడా కోరవచ్చు. మన చట్టంలో మాత్రం భార్య ఒక పన్నుదారు, భర్త మరొక పన్నుదారు. ఇద్దరూ కలిసి ఒకే రిటర్ను వేసే వీలు లేదు, ఒకరు వాడుకోని మినహాయింపు మరొకరికి చేరదు. దంపతుల ఆదాయాన్ని కలిపి లెక్కించే ఐచ్ఛిక పద్ధతి ఉండాలని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2025 బడ్జెట్‌కు ముందు కోరింది కానీ, అది చట్టం కాలేదు. గోవాలో పోర్చుగీసు కాలపు పౌరస్మృతి కిందకు వచ్చే దంపతులకు జీతం తప్ప మిగిలిన ఆదాయాన్ని చెరిసగం పంచి లెక్కించే నిబంధన ఒకటి ఉంది. హైదరాబాదులో ఉండే మనకు అది వర్తించదు.

ఎఫ్‌డీ విషయానికి వస్తే, మీ సొమ్మును ఆమె పేరున వేసినంత మాత్రాన లాభం లేదు. ప్రతిఫలం లేకుండా భార్యకు గానీ, భర్తకు గానీ ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలపాలని, 2025-26 ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 64వ సెక్షన్ చెబుతుంది. వాడుకలో దీన్నే క్లబ్బింగ్ అంటాం. దంపతుల మధ్య బహుమతికి పన్ను లేని మాట వాస్తవమే, ఆ బహుమతి మీద వచ్చే వడ్డీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అయితే ఆ వడ్డీని ఆమె మళ్లీ మదుపు చేస్తే, దాని మీద వచ్చే రెండో తరం వడ్డీ ఆమెదే అవుతుంది. ఆమె పేరున పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) ఖాతా తెరిచి ఏడాదికి 1,50,000 వరకు వేస్తే, ఆ వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి క్లబ్బింగ్ వల్ల నష్టం ఉండదు. 

జవాబు: మల్కాజిగిరి నుంచి

సలహాదారు గారి మాటను తేలికగా తీసుకోవద్దని నా అనుభవం కొద్దీ చెబుతున్నాను. జీతం బకాయిలుగా వచ్చిన సొమ్మును నా శ్రీమతి పేరున ఎఫ్‌డీ చేసి, వడ్డీ ఆమెదని నమ్మి నా రిటర్నులో చూపలేదు. తరువాతి ఏడాది మా ఆడిటర్ అది చూసి, సవరించిన రిటర్ను వేసే గడువు దాటిపోయిందని, అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక అదనపు పన్నుతో వేసేది) తప్పదని చెప్పారు. పన్ను, దాని మీద వడ్డీ, ఆ రెండింటి మొత్తం మీద 25 శాతం అదనంగా కట్టాను. పేరు మార్చితే ఆదాయం మారిపోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

జవాబు: ఉపాధ్యాయురాలు, దిల్‌సుఖ్‌నగర్

అందరూ సొమ్ము ఎవరి పేరున వేయాలనే మాట్లాడుతున్నారు. మీరు ప్రశ్నలో "స్థలం అమ్మగా" అని మాత్రమే రాశారు. ఆ స్థలం ఎవరిదండీ? నేను ఇలా అడగడానికి కారణం ఉంది. మా ఇళ్లలో ఆడపిల్లకు పుట్టింటివారు ఇచ్చిన పొలమో, బంగారమో అమ్మినప్పుడు ఆ డబ్బు ఎలాంటి చర్చా లేకుండా భర్త ఖాతాలోకి వెళుతుంది. ఇంట్లో ఎవరికీ దురుద్దేశం ఉండదు, ఆ అమ్మాయి కూడా అడగదు. పదేళ్లు గడిచాక అది ఎవరి డబ్బో చెప్పడానికి ఒక కాగితం కూడా మిగలదు.

ప్రశ్న వేసినవారి వివరణ

మేడమ్, మీరు అడిగేవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. అది నా భార్య స్థలమే. ఘట్‌కేసర్ దగ్గర 150 గజాలు. 2006లో మా మామగారు పసుపు కుంకుమ కింద ఆమె పేరున గిఫ్టు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించారు. అమ్మకం దస్తావేజులోనూ ఆమె సంతకమే ఉంది, లాభం మీద పన్ను కూడా ఆమె పాన్ మీదే కట్టాం. కొన్నవారు ఇచ్చిన చెక్కును మా ఉమ్మడి ఖాతాలో వేశాం. బ్యాంకు పనులు నేనే చూస్తాను కాబట్టి ఎఫ్‌డీలో నా పేరు ముందు రాయించాను. ఇద్దరి మధ్య బహుమతి అన్న మాట ఎప్పుడూ రాలేదు.

జవాబు: పన్ను సలహాదారు, నారాయణగూడ

ఈ వివరణతో నా మొదటి జవాబు మారిపోతుంది. స్థలం సంగతి ముందే అడగవలసింది నేను. మేడమ్ గారికి కృతజ్ఞతలు.

ఎఫ్‌డీలో వేసిన అసలు ఆమె సొమ్ము అయినప్పుడు, దాని మీద వడ్డీ ఆమె ఆదాయం. ఎఫ్‌డీలో మొదటి పేరు ఎవరిదన్నది బ్యాంకు సౌకర్యానికి సంబంధించిన విషయమే తప్ప, యాజమాన్యాన్ని అది నిర్ణయించదు. ఎవరైనా "మీ భార్య ఆ డబ్బును మీకు బహుమతిగా ఇచ్చినట్లే కదా" అని వాదించినా ఇబ్బంది లేదు. 64వ సెక్షన్ భర్త నుంచి భార్యకు వెళ్లినప్పుడు ఎలా పనిచేస్తుందో, భార్య నుంచి భర్తకు వచ్చినప్పుడూ అలాగే పనిచేస్తుంది. ఆమె మీకు ఇచ్చిందనుకున్నా ఆ వడ్డీ తిరిగి ఆమె ఆదాయంలోనే కలుస్తుంది. ఏ దారిన లెక్క వేసినా మీ రిటర్నులో ఆ 1,89,000 ఉండకూడదు. మీ ఆదాయం 10,65,000 దగ్గర ఆగుతుంది, పన్ను సున్నా. ఆమెది కుట్టుపని ఆదాయంతో కలిపి 3,69,000, అదీ 4,00,000 లోపే. మీరు కట్టబోయిన 56,160 రూపాయలు అసలు కట్టవలసినవే కావు.

గిఫ్టు దస్తావేజు, అమ్మకం దస్తావేజు, చెక్కు జమ అయిన రోజు ఖాతా వివరాలు, ఆమె వేసిన రిటర్ను, ఎఫ్‌డీ రసీదు వరుసగా ఒక ఫైలులో పెట్టండి. ఎఫ్‌డీలో మీ జీతం నుంచి వచ్చిన సొమ్ము కొంతైనా కలిసి ఉంటే, ఆ మేరకు వడ్డీని నిజాయితీగా మీరే చూపించాలి.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తార్నాక

బ్యాంకు శాఖలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. వడ్డీ 50,000 దాటింది కాబట్టి బ్యాంకు 10 శాతం, అంటే దాదాపు 18,900 రూపాయలను మొదటి పేరున్న మీ పాన్ మీద టీడీఎస్‌గా (చెల్లింపు దగ్గరే కోసే పన్నుగా) పట్టుకుంటుంది. మీ ఆదాయ వివరాలను పన్ను శాఖ నమోదు చేసే వార్షిక సమాచార నివేదికలోనూ ఆ వడ్డీ మీదే అన్నట్లు కనిపిస్తుంది. మీరు దాన్ని చూపకుండా వదిలేస్తే తేడా ఎందుకు వచ్చిందని ఆదాయపు పన్ను శాఖవారు అడగవచ్చు.

దీనికి 2025-26కు వర్తించే ఆదాయపు పన్ను నియమాల్లో 37బీఏ అనే నియమం ఉంది. ఈ ఆదాయం ఫలానా వ్యక్తికి చెందుతుందని, ఆమె పేరు, చిరునామా, పాన్, కారణం రాసి మీరు బ్యాంకుకు ప్రకటన ఇస్తే, బ్యాంకు ఆ టీడీఎస్‌ను ఆమె పాన్ మీద నివేదించాలి. కౌంటరులో ఉన్న ఉద్యోగికి ఈ నియమం తెలియకపోవచ్చు. విసుగు చెందకుండా లిఖితపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఒకవేళ బ్యాంకు చేయకపోతే, వేరొకరి పాన్ మీద పట్టిన పన్నును చూపే గడి ఉన్న రిటర్ను ఫారంలో ఇద్దరూ సరిచూసి నింపాలి. సులభ రిటర్ను ఫారాలైన సహజ్, సుగమ్‌లలో అది కుదరదు. ఆమెకు రిటర్ను తప్పనిసరి కాకపోయినా, పట్టిన సొమ్ము వెనక్కి రావాలంటే వేయవలసిందే.

ఎఫ్‌డీని ఇప్పుడే రద్దు చేస్తే వడ్డీలో కోత పడవచ్చు. గడువు తీరాక ఆమె పేరు ముందుండేలా వేయండి. అప్పుడు ఆమె ఏడాది మొదట్లోనే పన్ను పట్టవద్దని స్వీయ ప్రకటన ఇచ్చుకోవచ్చు. 2026 మార్చి వరకు 15జీ ఫారం అన్నది అదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఆ రోజుకు ఫారం పేరు, సంఖ్య ఏమిటో బ్యాంకులో అడిగి తీసుకోండి.

ప్రశ్న వేసినవారి చివరి మాట

అందరికీ ధన్యవాదాలు. దస్తావేజులు రెండూ బీరువాలోనే ఉన్నాయి. మీ జవాబులను నా భార్యకు చదివి వినిపించాను. మామగారు ఇచ్చిన స్థలం సొమ్ము తన పేరునే ఉండాలని తన మనసులో ఉండేదని, నేను నొచ్చుకుంటానేమోనని చెప్పలేదని అంది. సోమవారం ఇద్దరం బ్యాంకుకు వెళ్లి ప్రకటన ఇచ్చి వస్తాం.