కంపెనీ కమాండర్ అందరి ముందూ అమ్మ పేరెత్తి తిట్టాడు: తమ్ముడు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలా, ఓర్చుకోవాలా?

సిక్కోలు అన్న:
మా తమ్ముడు ఆర్మీలో నాయక్, అంటే సిపాయిల మీద ఉండే చిన్న ర్యాంకు. సర్వీసు 13 ఏళ్లు దాటింది, 15 నిండితేనే పెన్షన్. పోయిన నెల ఉదయం ఫాలిన్‌లో (అందరూ వరుసగా నిలబడే హాజరులో), బండి లాగ్‌బుక్‌లో ఎంట్రీ ఆలస్యమైందని కంపెనీ కమాండర్ వాణ్ని ముందుకు పిలిచాడు. ఆయన మేజర్. అమ్మ పేరెత్తి తిట్టి, ఆ పుస్తకం వాడి ముఖాన విసిరాడు. ఎంట్రీ ఆలస్యమైన మాట నిజమే. దానికి శిక్ష వేస్తే వాడు మారుమాట లేకుండా తీసుకునేవాడు. తన కింద పనిచేసే కుర్రాళ్లంతా చూస్తుండగా ఆ మాటలు పడటమే వాడికి మింగుడు పడటం లేదు. ఫోన్ చేసినప్పుడల్లా "అన్నా, ఇంకోసారి ఆ మాట అంటే ఊరుకోను" అంటున్నాడు. నా టెన్షన్ అంతా అదే. ఫిర్యాదు రాయమని నేనంటున్నాను, వద్దని మా మామయ్య అంటున్నాడు. సర్వీసు చేసినవాళ్లు చెప్పండి.

మాజీ సుబేదార్:
మీ మామయ్య మాటే నా మాట. ఇప్పుడే కాగితం మీద పెట్టొద్దు. ముందు కంపెనీలో సీనియర్ జేసీఓతో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), తర్వాత జేసీఓలందరికీ పెద్ద అయిన సుబేదార్ మేజర్ సాబ్‌తో చెప్పుకోమనండి. సుబేదార్ మేజర్ మాట నేరుగా సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) చెవిన పడుతుంది. సీఓ ఆ మేజర్‌ని పిలిచి, తలుపు వేసి మాట్లాడతాడు. చాలావరకు అక్కడితో తేలిపోతుంది. తేలకపోతే కుర్రాణ్ని వేరే కంపెనీకి మారుస్తారు.

కాగితం పెట్టిన రోజు నుంచీ అది ఇద్దరి మధ్య గొడవగా ఉండదు, యూనిట్ పరువుగా మారుతుంది. అందరూ ఫిర్యాదు చేసినవాడి తప్పులే వెతుకుతారు. ఆర్మీ చట్టం సెక్షన్ 63 అంటే జవాన్లందరికీ తెలుసు. క్రమశిక్షణకు భంగం అనే పేరుతో దాని కింద ఏదైనా పట్టుకోవచ్చు. సిపాయికైతే సీఓ తన అధికారంతోనే 28 రోజుల దాకా జైలు వేయగలడు, నాయక్‌కి అలా జైలు వేయలేడు గానీ వేరే శిక్షలు వేయగలడు. రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు) నాలుగు పడితే ఇంటికి పంపే మాటలు మొదలవుతాయి. పెన్షన్‌కి రెండేళ్లుంది. ఆ రెండేళ్లు ఇంట్లో అందరివీ అని గుర్తుపెట్టుకోండి.

వకీలమ్మ:
సుబేదార్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సైనికుల కేసులు చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆర్మీ చట్టం 1950లో సెక్షన్ 26 ఉన్నదే ఇందుకు. పై అధికారి వల్ల తనకు అన్యాయం జరిగిందనుకున్న జవాను తన కంపెనీ కమాండర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు ఆ కమాండర్ మీదే అయితే ఆయన పైఅధికారికి చేసుకోవచ్చు. అందుకున్న అధికారి వీలైనంత పూర్తిగా విచారించి తీరాలని చట్టం చెబుతోంది. సెక్షన్ 47 ఇంకా సూటిగా ఉంటుంది. కింది ర్యాంకు మనిషి మీద చేయి చేసుకున్నా, మరే రకంగా హీనంగా చూసినా అది నేరం. కోర్ట్ మార్షల్‌లో, అంటే సైనిక కోర్టులో రుజువైతే 7 ఏళ్ల దాకా జైలు. ముఖాన పుస్తకం విసరడాన్ని "ఆర్మీలో మామూలే" అని ఈ చట్టం ఎక్కడా అనలేదు.

సుబేదార్ గారి భయం ఉత్తదని నేననడం లేదు. ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో రంజిత్ ఠాకూర్ అనే జవాను ఉండేవాడు. తన సీఓ తనను హీనంగా చూస్తున్నాడని నేరుగా పై అధికారులకు అర్జీ పంపాడు. పద్ధతి తప్పావంటూ అదే సీఓ అతనికి 28 రోజుల శిక్ష వేశాడు. 1985లో ఆ శిక్ష అనుభవిస్తూ ఉండగా, అన్నం తినమన్న ఆజ్ఞను ధిక్కరించాడని సమ్మరీ కోర్ట్ మార్షల్ (సీఓనే నడిపే సైనిక విచారణ) పెట్టారు. ఉద్యోగం పీకేసి ఏడాది జైలు వేశారు. ఆ కోర్టులో కూర్చున్నది కూడా ఆ సీఓనే! 1987 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది. ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఆయనే తీర్పు చెప్పడం పక్షపాతమని, ఆ తప్పుకు ఆ శిక్ష ఏ రకంగానూ తగదని చెప్పి, రావలసినవన్నీ ఇచ్చి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. రెండేళ్లకు పైగా ఆ మనిషి పడ్డ బాధను ఏ తీర్పూ వెనక్కి తీసుకోలేదు, నిజమే. కానీ మొదటి శిక్ష ఎందుకు పడిందో చూడండి. వరుస దాటి పై వాళ్లకు పంపినందుకు. తమ్ముడు ఆ అవకాశం ఇవ్వకూడదు.

రెడ్ ఇంక్ సంగతి కూడా చెప్పాలి. నాలుగు ఎంట్రీలు ఉన్నాయన్న ఒక్క కారణంతో జవాన్ను పంపేయడం కుదరదని, ముందు విచారణ జరగాలని 2015లో వీరేంద్ర కుమార్ దుబే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పలాస కుర్రోడు:
ఇవన్నీ ఎందుకండీ, ఫోన్‌లో వీడియో తీసి పెడితే రాత్రికి రాత్రే దేశమంతా చూస్తుంది. అప్పుడు సీఓ ఏంటి, జనరలే కదులుతాడు.

వకీలమ్మ:
దయచేసి ఈ సలహా ఇవ్వకండి. 2017 జనవరిలో బీఎస్ఎఫ్ జవాన్ తేజ్ బహదూర్ యాదవ్ తిండి బాగాలేదని వీడియో పెట్టాడు. దేశమంతా చూసింది. ఏప్రిల్‌లో ఆయన ఉద్యోగం పోయింది. సోషల్ మీడియాకు ఎక్కొద్దని, కావాలంటే తన దాకా రండని అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ ఫిర్యాదు పెట్టెలు, వాట్సాప్ నంబర్ పెట్టించారు. సైనికుల వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు పెట్టే వీలు రాజ్యాంగంలోని 33వ అధికరణమే ఇస్తోంది. వీడియో పెడితే కేసు తిట్టిన మేజర్ నుంచి మీ తమ్ముడి మీదికి తిరుగుతుంది.

బెటాలియన్ నడిపినవాడు:
నేను సీఓగా చేసి రిటైర్ అయ్యాను. అవతలి వైపు కూడా వినండి. కంపెనీ కమాండర్ మీద కూడా ఒత్తిడి ఉంటుంది, గొంతు పెంచుతాడు. గొంతు పెంచిన ప్రతిసారీ ఫిర్యాదంటే కంపెనీ నడవదు. అవసరమైతే ప్రాణాల మీదికి వచ్చే ఆజ్ఞ కూడా అతనే ఇవ్వాలి, వీళ్లు పాటించాలి. కానీ తల్లిని తిట్టడం, ముఖాన వస్తువు విసరడం వేరు. అలాంటివాడి మాట మీద రేపు కుర్రాళ్లు ఎందుకు ముందుకు దూకాలి? నా బెటాలియన్‌లో ఇలా జరిగి నాకు తెలియకపోతే, నా కింద ఉన్న అందరూ నన్ను మోసం చేసినట్టే అనుకునేవాణ్ని. సీఓకు తెలియాలి. మాటతో తెలుస్తుందా, కాగితంతోనా అన్నది తర్వాత.

మాజీ సుబేదార్:
సాబ్, మీలాంటి సీఓ ఉన్న చోట ఈ ప్రశ్నే రాదు. లేని చోట గురించే నా దిగులు.

వైజాగ్ నేవీ:
పెద్దవాళ్లు మాటతో సరిపెట్టుకోమంటే నాకు 1946 గుర్తొస్తుంది. బొంబాయిలో తల్వార్ అనే నావికా స్థావరంలో కింగ్ అనే కమాండర్ మన రేటింగ్స్‌ని (కింది స్థాయి నావికుల్ని) కూలీల కొడుకులని తిట్టాడు. వాళ్లు వెంటనే తిరగబడలేదు. కలిసి రాస్తే తిరుగుబాటు అంటారని ఒక్కొక్కరూ విడివిడిగా ఫిర్యాదులు ఇచ్చారు. తప్పుడు ఫిర్యాదులు ఎంత పెద్ద నేరమో ఆయన తిరిగి వాళ్లకే చెప్పాడు. ఫిబ్రవరి 18న రేటింగ్స్ అన్నం ముట్టబోమన్నారు. కరాచీ, మద్రాసు, మన విశాఖపట్నం దాకా పాకింది. అన్నం బాగాలేకపోవడం, దేశంలో అప్పటి వేడి అన్నీ ఉన్నాయి, కానీ విననివాళ్లకు ఇచ్చిన ఫిర్యాదులు కూడా అందులో ఉన్నాయి. కాగితం పుచ్చుకుని పక్కన పడేసే అధికారి, కాగితం పెట్టిన జవాను కంటే యూనిట్‌కి ఎక్కువ చేటు చేస్తాడు.

సిక్కోలు అన్న:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి తమ్ముడితో చాలాసేపు మాట్లాడాను. "ఊరుకోను" అన్న మాట గురించే ముందు అడిగాను. వకీలమ్మ గారూ, వాడు గానీ నోరు జారితే ఏమవుతుంది? ఇంకో సంగతి, పక్కన నిలబడ్డ డ్రైవర్ అంతా విన్నాడు. ప్రమోషన్ కాడర్ (పై ర్యాంకు కోసం చేసే కోర్సు) ముందుందని, నన్ను లాగొద్దని బతిమాలుతున్నాడట. వాడి పేరు రాయాలా?

వకీలమ్మ:
నోరు జారడం గురించి ఇవాళే చెప్పండి. సెక్షన్ 40 ప్రకారం పై అధికారితో ధిక్కారంగా మాట్లాడితే 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది. చేయెత్తినా, బెదిరించినా 10 ఏళ్ల దాకా, డ్యూటీలో ఉన్న అధికారి మీద అయితే 14 దాకా పోతుంది. మళ్లీ తిడితే "సాబ్, ఇంటర్వ్యూ కావాలి" (పై అధికారిని కలిసి చెప్పుకునే అవకాశం) అనే మాట తప్ప ఇంకేమీ అనొద్దు.

ఫిర్యాదులో తేదీ, సమయం, చోటు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఎంట్రీ ఆలస్యమైందని తనే మొదట రాయాలి. దాచిపెడితే, పెంచి రాస్తే సెక్షన్ 56 కింద ఎదురు కేసు అవుతుంది. డ్రైవర్‌ను బలవంతం చేయొద్దు. ఆ రోజు ఫాలిన్‌లో ఎవరెవరు ఉన్నారో ఆ జాబితా రాస్తే చాలు, విచారణాధికారి పిలిచి అడుగుతాడు. ఇంకొకరి సంతకం మాత్రం ఎంత జాలిపడి ఇస్తానన్నా తీసుకోవద్దు. ఒక్కడి ఫిర్యాదు హక్కు, పదిమంది ఫిర్యాదును వేరేలా చూస్తారు. ఒక కాపీ ఇంటికి పంపాలి. తర్వాత ప్రతీకారంగా డిశ్చార్జ్ వస్తే పైకి అర్జీ పెట్టుకుని, ఆరు నెలల్లో తేల్చకపోతే సాయుధ బలగాల ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. తిట్టిన మాటకు ట్రైబ్యునల్ శిక్ష వేయదు, అది ఆశించకండి.

మాజీ సుబేదార్:
ముందు సుబేదార్ మేజర్ దగ్గరికే అన్న నా మాట మార్చుకోను. కానీ వారం దాటినా కదలకపోతే సీఓ ఇంటర్వ్యూ అడగమనండి, అప్పుడు కాగితం చేతిలో ఉండాలి. హిందీలో రాయమనండి, పొట్టిగా. ఇచ్చే ముందు నాకు చదివి వినిపిస్తే, ఎక్కడ కోపం ఎక్కువైందో చెబుతాను.