బర్మింగ్‌హామ్ కాలువల దగ్గర మంచి రియల్ ఏల్ ఎక్కడ దొరుకుతుంది?

వచ్చే నెల ఒక శని, ఆదివారాలు బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. కాలువ పడవలు ఆగే గ్యాస్ స్ట్రీట్ బేసిన్ దగ్గరే రూమ్ తీసుకున్నాం. ఆ ఊళ్లో ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త దారి చూపించండి, ప్లీజ్.

నాకు కావాల్సింది హ్యాండ్ పంప్‌తో లాగి పోసే రియల్ ఏల్. పైనుంచి గ్యాస్ ఎక్కించకుండా, పీపాలోనే ఇంకా పులుస్తూ ఉండే బీరు. 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) వాసన, హాప్స్ పువ్వుల చేదు రెండూ తెలుస్తాయి. మరీ చల్లగా ఇస్తే ఆ రుచే తెలియదు. పీపా తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలి, లేకపోతే పుల్లబడుతుంది. అందుకే పంపులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, బేరం బాగా సాగే పబ్ ఏదన్నదే ముఖ్యం.

బెనెట్స్ హిల్‌లోని వెల్లింగ్టన్, న్యూ స్ట్రీట్‌లోని పోస్ట్ ఆఫీస్ వాల్ట్స్ అనే పబ్‌ల గురించి విన్నాను. శనివారం సాయంత్రం కూర్చోవడానికి చోటు దొరుకుతుందా? బ్రిండ్లీప్లేస్ వైపు కాలువ గట్టునే మంచి ఏల్ ఇచ్చే పబ్ ఏదైనా ఉందా?

ఇంకో సంగతి. మా బావగారు పక్కా శాకాహారి. ఏల్ తేటపడడానికి చాలామంది ఐసింగ్లాస్ కలుపుతారు కదా, అది చేప తిత్తి నుంచి తీసేది. అది కలపని ఏల్ ఏదని బార్‌లో అడిగితే కచ్చితంగా చెప్తారా? ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి నేను తాగడం నాకిష్టం లేదు.

ఆదివారం బర్మింగ్‌హామ్‌కి పడమరనున్న బ్రయర్లీ హిల్ అనే ఊళ్లో, బాథమ్స్ బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) పక్కనున్న వాళ్ల పబ్‌కి కూడా వెళ్లాలనుంది. బస్సులో వెళ్లిరావడం తేలికేనా?