ఏలియన్ బాక్స్ సెట్: 4కె డిస్కులు వచ్చాక 2010 బ్లూరే పెట్టె ఉంచుకోవాలా, అమ్మేయాలా?

పాతరీలు:
అంతరిక్ష జీవి కథలైన ఏలియన్ వరసలో మొదటి నాలుగు సినిమాలూ కలిపి 2010లో ‘ఏలియన్ ఆంథాలజీ’ పేరుతో 6 డిస్కుల బ్లూరే పెట్టె వచ్చింది. నాలుగు డిస్కుల్లో నాలుగు సినిమాలు (1979, 1986, 1992, 1997), ఒక్కోదానికి రెండేసి వెర్షన్లు. మిగతా రెండు డిస్కుల నిండా తెరవెనక సరుకే. తర్వాత 2019లో మొదటి సినిమా, 2024లో రెండోది విడివిడిగా 4కెలో వచ్చాయి. అప్పట్నించి “పాత పెట్టె ఇక దండగ, అమ్మేయండి” అనే మాట వినబడుతోంది. నేను ఒప్పుకోను. మొదటి సినిమా ఒక్కదాని విషయంలోనే 4కె ఈ పెట్టెని స్పష్టంగా దాటింది. రెండోదాని సంగతి వివాదం. మూడు, నాలుగు సినిమాలకు ఈ బ్లూరేనే దిక్కు. మీ లెక్కలేమిటో చెప్పండి.

నాలుగువేలగీతలు:
పాతరీలు గారూ, ఆ ఒక్క సినిమా తేడా చిన్నదేం కాదండీ. 2019 డిస్కుకి అసలు నెగటివ్‌ని 4కెలో స్కాన్ చేశారు, దర్శకుడు రిడ్లీ స్కాట్ పర్యవేక్షణలో. బ్లూరే 8 బిట్ రంగు, 1920×1080. 4కె డిస్కు 10 బిట్, 3840×2160, పైగా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింత చూపే పద్ధతి). నోస్ట్రోమో అంతరిక్ష ఓడలో సగం సినిమా చీకట్లోనే నడుస్తుంది. బ్లూరేలో ఆ చీకటి మెట్లు మెట్లుగా విడిపోయేచోట 4కెలో మెత్తగా కలిసిపోతుంది. మదర్ కంప్యూటర్ గదిలో చిన్న దీపాలు, కెప్టెన్ డాలస్ గొట్టాల్లో పాకుతూ వెళ్లేటప్పుడు మంట, ఇవి రెండు డిస్కుల్లో పెట్టి చూస్తే ఇంకో వాదన అక్కర్లేదు.

చాలామంది మళ్లీ మళ్లీ చూసేది మొదటి రెండు సినిమాలే. అవి రెండూ 4కెలో ఉన్నప్పుడు నాలుగింటి పెట్టె ఎందుకు?

గ్రెయిన్‌గింజ:
మొదటిదాని గురించి మీరన్నది అక్షరాలా నిజం. రెండోదాని దగ్గరే పేచీ.

‘ఏలియన్స్’ని 1986లో కొడాక్ వేగవంతమైన ఫిల్ము మీద తీశారు. వెలుతురు తక్కువున్న సెట్లకు అది అవసరమైంది, దానికి మూల్యం గ్రెయిన్, అంటే బొమ్మలో కనిపించే ఫిల్ము రేణువులు. మొదటి సినిమా అనమార్ఫిక్ (వెడల్పు బొమ్మను నొక్కి ఫిల్ములో ఇమిడ్చే) లెన్సులతో ఎత్తుకి 2.35 రెట్ల వెడల్పులో తీస్తే, ఇది మామూలు లెన్సులతో 1.85లో తీసింది. అందుకే రెండూ పక్కపక్కన పెడితే రెండోది గరుగ్గా కనిపిస్తుంది. అది తప్పు కాదు, ఆ సినిమా ఒంటి తీరు.

2024 డిస్కు కోసం దర్శకుడు పీటర్ జాక్సన్‌కి చెందిన పార్క్ రోడ్ పోస్ట్ స్టూడియోలో అల్గారిదమ్‌లతో శుభ్రం చేయించారు. అటువంటి ప్రక్రియలో ముందు గ్రెయిన్ తీసేస్తారు. గ్రెయిన్‌తో పాటు దానిలోనే దాగిన సన్న వివరమూ పోతుంది. పోయినచోట ఏముండి ఉంటుందో సాఫ్ట్‌వేర్ ఊహించి అంచులు గీస్తుంది. పెద్ద ముఖాలకు ఈ ఊహ బాగానే కుదురుతుంది. వెనక వరసలో ఫోకస్ తప్పిన మెరైన్ల ముఖాల దగ్గర దారి తప్పుతుంది: కళ్లు, పళ్లు పదునుగా, బుగ్గలు మైనపు ముద్దలా. జుట్టు వెంట్రుకలుగా కాకుండా గీతలుగా కనిపిస్తుంది. ఒకసారి కంటపడితే ఇక చూపు అక్కడికే పోతుంది.

నాలుగువేలగీతలు:
జేమ్స్ కామెరాన్ స్వయంగా ఒప్పుకున్న బదిలీ (ఫిల్ము నుంచి డిస్కుకి ఎక్కించిన ప్రతి) అది. సినిమా ఆయనది. ఆ గ్రెయిన్ ఆయనకు మొదట్నించీ నచ్చలేదు. తీసినవాడి మాట కంటే మన మాట ఎక్కువా?

గ్రెయిన్‌గింజ:
2010 బ్లూరే బదిలీని పర్యవేక్షించిందీ ఆయనేనండీ. అందులోనూ గ్రెయిన్ తగ్గించారు, కానీ చర్మం చర్మంలాగే ఉంది. రంగు కాస్త నీలం-ఆకుపచ్చ వైపు వంగింది, అది దాని లోపం, దాచను. ఒకే దర్శకుడు రెండింటికీ సరే అన్నప్పుడు ఆయన సంతకం చూపించి ఒకదాన్ని కొట్టేయలేం. కంటితోనే తేల్చుకోవాలి.

తేల్చుకునే తీరు కూడా చెప్తాను. పోరాట సన్నివేశాలు పెట్టొద్దు, కదలికలో అన్నీ కలిసిపోతాయి. మొదట్లో కంపెనీ విచారణ గది, తర్వాత మెరైన్లు నిద్రలేచి భోజనం చేసే సన్నివేశం పెట్టండి. వెలుతురు సమంగా ఉంటుంది, ఒకే ఫ్రేములో దగ్గరి ముఖాలూ దూరపు ముఖాలూ ఉంటాయి. పాజ్ కొట్టొద్దు, నడుస్తుండగా వెనక వరస చూడండి. ఇంకో మాట: 55 అంగుళాల టీవీకి 7 అడుగులు దాటి కూర్చుంటే 1080కీ 4కెకీ స్పష్టతలో తేడా మామూలు కంటికి ఆనదు. ఆ దూరంలో మిగిలేది హెచ్‌డీఆర్ వెలుగు, ఈ మైనపు ముఖాలు. రెంటిలో ఏది మీకు ముఖ్యమో అదే మీ జవాబు.

మూడోఖైదీ:
అందరూ మొదటి రెండింటి చుట్టే తిరుగుతున్నారు. పెట్టె విలువంతా మూడో డిస్కులో ఉంది.

‘ఏలియన్ 3’ థియేటర్ వెర్షన్ 114 నిమిషాలు. డేవిడ్ ఫించర్‌కి అది మొదటి సినిమా, స్టూడియోతో గొడవల మధ్య చేతులు మారి బయటికొచ్చింది. 2003లో వచ్చిన 9 డిస్కుల ‘క్వాడ్రిలజీ’ డీవీడీ పెట్టె కోసం చార్లెస్ డి లౌజిరికా బృందం పాత వర్క్‌ప్రింట్ (ఎడిటింగ్ మధ్యలోని పచ్చి కూర్పు) ఆధారంగా 145 నిమిషాల వెర్షన్ కట్టింది. దాన్నే అసెంబ్లీ కట్ అంటాం. ఫించర్ అందులో చెయ్యి పెట్టలేదు, కాబట్టి దర్శకుడి వెర్షన్ అనకూడదు. అయినా అది వేరే సినిమాయే. థియేటర్లో జీవి కుక్కలోంచి పుడుతుంది, ఇందులో ఎద్దులోంచి. గోలిక్ అనే ఖైదీ కథ థియేటర్ వెర్షన్లో మధ్యలో మాయమైపోతుంది. ఇందులో ఖైదీలు జీవిని పట్టి బంధిస్తారు, గోలిక్ వెళ్లి దాన్ని వదిలేస్తాడు. అది చూశాకే రెండో సగం ఎందుకలా నడుస్తుందో అర్థమవుతుంది. చివర్లో కథానాయిక రిప్లీ కొలిమిలోకి దూకేటప్పుడు థియేటర్ వెర్షన్లో రాణి జీవి ఆమె ఛాతీ చీల్చుకుని బయటికొస్తుంది, అసెంబ్లీలో రాదు. ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ ముగింపు!

ఇక అసలు విషయం. 2003 డీవీడీలో తిరిగి కలిపిన సన్నివేశాలు కొన్నింటికి షూటింగ్ రోజు ధ్వనే ఉంది. యంత్రాల హోరులో మాట వినపడదు, కింద అక్షరాలు వేసి సరిపెట్టారు. 2010 బ్లూరే కోసం నటులను మళ్లీ పిలిపించి డబ్బింగ్ చెప్పించారు. ఆ సినిమాను చెవులతో సరిగ్గా వినగలిగింది ఈ పెట్టె వచ్చాకే. పైగా నిర్మాణ గొడవల మీద తీసిన డాక్యుమెంటరీని 2003లో స్టూడియో కత్తిరించి పెట్టింది, 2010లో పూర్తిగా తిరిగి ఇచ్చింది. మొదటి సినిమా డిస్కులో జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం రెండు రకాలుగా ఉంది: సినిమాలో చివరికి వాడినది, ఆయన మొదట అనుకున్నది. ఎడిటింగ్‌లో ఆయన ట్రాకులు ఎన్ని మార్చారో అక్కడ వినొచ్చు. ఇంత సరుకుని “ఎక్స్‌ట్రాలు” అని చిన్నచూపు చూడడం నాకు బాధగా ఉంది.

కొత్తచూపు:
క్వాడ్రిలజీ డీవీడీ 9 డిస్కులు చవగ్గా దొరుకుతున్నాయి. అవే వెర్షన్లు కదా, సరిపోవా అన్నా?

మూడోఖైదీ:
సరిపోవు తమ్ముడూ. మొదటి కారణం పైన చెప్పిన ధ్వని. రెండోది, బ్రిటన్‌లో అమ్మిన డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి. సెకనుకి 24 ఫ్రేముల సినిమాను 25కి తోస్తారు, అంటే 4 శాతం వేగం. 117 నిమిషాల మొదటి సినిమా 112కి, 145 నిమిషాల అసెంబ్లీ కట్ 139కి దిగుతాయి. గొంతులు కూడా కాస్త పైకి లేస్తాయి. తీసుకోక తప్పదనుకుంటే వెనక అట్ట మీద నిడివి చూడు, అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీది 117 అనే ఉంటుంది. బ్లూరేలో సినిమా 24 ఫ్రేముల్లోనే ఉంటుంది కాబట్టి ఈ గొడవే లేదు.

తీరంగాలి:
పెట్టె కొనేవాళ్లకి పనికొచ్చేవి. ఆంథాలజీ లావాటి పుస్తకంలా ఉంటుంది, డిస్కులు అట్ట జేబుల్లో దూర్చి ఉంటాయి. లాగినప్పుడల్లా అట్ట రాసుకుంటుంది, వేలిముద్రలు పడతాయి. రెండు అంచుల్నీ నొక్కి జేబు నోరు తెరిచి, డిస్కుని అంచు పట్టుకుని తీయాలి. తర్వాత మళ్లీ అందులో పెట్టకండి. పాలీప్రొపిలీన్ కవర్లు తెచ్చుకుని వాటిలో నిలువుగా పెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, వాటిలోని మెత్తదనం కోసం కలిపే పదార్థం కాలక్రమంలో డిస్కుకి అంటుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అట్ట తేమ పీల్చి బూజు పడుతుంది, పెట్టె పక్కన సిలికా జెల్ పొట్లం ఉండాలి.

గీతలు పడిన బ్లూరేని పాలిష్ చేయించకండి, టూత్‌పేస్టు అసలే వద్దు. డీవీడీలో సమాచార పొర మందం మధ్యలో 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, గీకినా కొంత తట్టుకుంటుంది. బ్లూరేలో అది 0.1 మిల్లీమీటరే, పైన గట్టి పూత ఒక్కటే కాపలా. పాలిష్ ఆ పూతనే తినేస్తుంది. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు.

సెకండ్ హ్యాండ్‌ది పరీక్షించాలంటే మొదటి పది నిమిషాలు చూసి ఊరుకోవద్దు. రెండు పొరల డిస్కులో మొదటి పొర లోపల్నుంచి బయటికి, రెండోది బయట్నుంచి లోపలికి సాగుతుంది. కాబట్టి సాధారణంగా సినిమా మధ్యభాగం బయటి అంచు దగ్గర పడుతుంది, వేళ్లూ గీతలూ తగిలేది అక్కడే. మధ్యలో ఓ పావుగంట నడిపించి చూడండి. పొడవు వెర్షన్ పెట్టినప్పుడు పాత ప్లేయర్ క్షణంపాటు ఆగితే భయపడకండి. రెండు వెర్షన్లూ ఒకే వీడియో పంచుకుంటాయి, అదనపు సన్నివేశాల దగ్గర ప్లేయర్ ఇంకో ఫైలుకి దూకి వస్తుంది. ఆ ఆగడం అతుకు దగ్గరే జరుగుతుంది, గీత వల్లనైతే ఎక్కడైనా జరుగుతుంది.

నాలుగువేలగీతలు:
రీజియన్ (ఏ ప్రాంతపు డిస్కు ఏ ప్లేయర్లో ఆడుతుందనే తాళం) మాట మరిచారు. బ్లూరేకి ఇండియా సి, అమెరికా ఏ, బ్రిటన్ బి. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించేవాళ్లు అట్ట మీది గుర్తు ఫొటో ముందే అడగాలి. 4కె డిస్కులకి రీజియన్ తాళం లేదు, నేను వాటివైపు మొగ్గడానికి అదో కారణం. కానీ 4కె ప్లేయర్ కావాలి, మామూలు బ్లూరే ప్లేయర్ దాన్ని చదవదు. హెచ్‌డీఎంఐ తీగ 18 గిగాబిట్లు మోయలేకపోతే హెచ్‌డీఆర్ సన్నివేశాల్లో బొమ్మ మిణుకుమని పోతుంది, జనం డిస్కుని తిడతారు.

ఏ డిస్కయినా సరే, టీవీలో కదలిక నున్నగా చేసే సెట్టింగు, నాయిస్ తగ్గించేది రెండూ ఆపండి. షార్ప్‌నెస్ దాదాపు సున్నాకి దించండి. ప్లేయర్లో 24 హెర్ట్జ్ ఔట్‌పుట్ ఆన్ చేయండి. గ్రెయిన్ బాగాలేదు అనేవాళ్లలో చాలామంది చూస్తున్నది షార్ప్‌నెస్ 50 దగ్గర ఉబ్బిన గ్రెయిన్‌ని.

కొత్తచూపు:
మొదటిసారి చూసేవాళ్లు ఏ వెర్షన్ పెట్టాలి?

గ్రెయిన్‌గింజ:
మొదటి సినిమాకి థియేటర్ వెర్షనే. 2003లో స్కాట్ కొన్ని సన్నివేశాలు కలిపి, మరికొన్ని కుదించాడు, మొత్తం మీద నిమిషం తగ్గింది. డాలస్ జీవి గూట్లో చిక్కిన సన్నివేశం తర్వాతెప్పుడైనా చూడొచ్చు. రెండోదానికి కూడా 137 నిమిషాల థియేటర్‌దే. 154 నిమిషాల వెర్షన్లో కాలనీని ముందే చూపించేస్తారు, మెరైన్లు దిగేసరికి అక్కడేముందో మనకు తెలిసిపోతుంది.

మూడోఖైదీ:
రెండోదాంట్లో నేను మీతో విభేదిస్తాను. రిప్లీ కూతురు తల్లి నిద్రలో ఉండగానే ముసలిదై చనిపోయిందన్న సన్నివేశం పొడవు వెర్షన్లోనే ఉంది. అది లేకపోతే న్యూట్ అనే పాప కోసం ఆమె ఎందుకంత తెగిస్తుందో సగమే తెలుస్తుంది. కాలనీ సస్పెన్స్ పోతే పోనీ. మూడోదానికి మాత్రం నేరుగా అసెంబ్లీ కట్ పెట్టండి, నాలుగోదానికి ఏదైనా ఒకటే.

పాతరీలు:
నాలుగువేలగీతలు గారి వాదన తర్వాత నా మాట కాస్త సవరించుకుంటున్నాను. మొదటి సినిమా 4కె విడిగా కొనమని నేనూ చెప్తాను. కానీ దానికోసం పెట్టె అమ్మకండి. రెండోదానికి పెట్టెలోని డిస్కుని ఉంచుకుని, గ్రెయిన్‌గింజ గారు చెప్పిన రెండు సన్నివేశాలు ఎవరిదగ్గరైనా 4కెలో చూశాకే డబ్బు పెట్టండి.

ఒక్క సూచన. పెట్టెలో మదర్ మోడ్ అని ఒకటుంది. సినిమా నడుస్తుంటే ఆ సన్నివేశానికి సంబంధించిన తెరవెనక సరుకు జాబితా పక్కన వస్తుంది. కావలసినవి గుర్తు పెట్టుకుంటే, 5 లేదా 6వ డిస్కు వేసినప్పుడు నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది. గుర్తులు ప్లేయర్ జ్ఞాపకంలో ఉంటాయి. కొన్ని ప్లేయర్లకు వెనక యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెడితేనే ఆ జ్ఞాపకం ఉంటుంది. డిస్కు మార్చగానే గుర్తులు పోతున్నాయంటే డిస్కు పాడైందనుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

నాలుగువేలగీతలు:
అలాగే. నా సలహా కూడా మార్చి రాస్తున్నాను: మొదటిది 4కె, మూడోదాని కోసం పెట్టె. రెండోదాని దగ్గర మాత్రం నేను 2024 డిస్కు వైపే. 85 అంగుళాల తెర మీద ఆ కొత్త బదిలీ నలుపు, తుపాకుల వెలుగు నాకు ఆ మైనపు ముఖాల కంటే ఎక్కువ.