109వ కీర్తన ప్రార్థనలో చదవొచ్చా?

గెట్టుకాడి మనిషి:
మొన్న శుక్రవారం హసన్‌పర్తి దగ్గర మా ఊర్ల ఇంటి ప్రార్థన. వచ్చినోళ్లల్ల ఒక అక్క ఉన్నది. భర్త లేడు. మరిది గెట్టు జరిపి రెండు గుంటలు కలుపుకున్నడు. సర్వేయర్ కోసం తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగినయి. ప్రార్థనల లేచి, శత్రువును శపించే 109వ కీర్తన ఎత్తుకున్నది. "వాని జీవితదినములు కొద్దివగును గాక" కాడికి రాంగనే పాస్టరుగారు ఆపి, "అమ్మా, మత్తయి 5:44 చదువు, శత్రువులను ప్రేమించుమన్నడు ప్రభువు" అన్నరు. ఆమె బైబిల్ మూసి కూసున్నది. ఆపుడు సరైందేనా? నాకైతే మనసొప్పలే.

కాజీపేట జంక్షన్:
సరైందే అన్నా. సమరయుల ఊరివాళ్లు రానివ్వలేదని, ఆకాశం నుంచి అగ్ని దింపుదామా అని శిష్యులు యాకోబు, యోహాను అడిగితే యేసు వాళ్లనే గద్దించాడు (లూకా 9). మొదటి హతసాక్షి స్తెఫను తన మీద రాళ్లు పడుతుంటే, వేసేవాళ్ల కోసమే మోకరించి ప్రార్థించాడు. మన్ను తీసి చల్లి శాపనార్థాలు పెట్టేవాళ్లకూ మనకూ తేడా ఉండొద్దా? శపించడమంతా పాత నిబంధన.

హన్మకొండ టీచరమ్మ:
పాత, కొత్త అని గెట్టు పెడితే ఇక్కడ నిలవదు తమ్ముడూ. యేసును పట్టించిన యూదా స్థానంలో ఇంకొకరిని ఎన్నుకునేటప్పుడు పేతురు చెప్పింది ఈ కీర్తనలోని 8వ వచనమే (అపొ. 1:20). ప్రకటన 6లో హతసాక్షులు మా రక్తానికి ఎప్పుడు ప్రతిదండన చేస్తావని కేకలే వేస్తారు. అటు పగవాడి ఎద్దు తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పగించమన్నది నిర్గమకాండం 23. రెండూ రెండుచోట్లా ఉన్నాయి.

ఇంకో మాట. 109లో మొదటి ఐదు వచనాల్లో శత్రువులు "వారు". ఆరు నుంచి "వాడు". అందుకే ఆ శాపాలు కీర్తనకారుడివి కావు, అతని మీద శత్రువులు పెట్టినవి అనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది తప్పించుకునే దారిలా కనిపిస్తుంది.

ఫాతిమానగర్ క్యాథలిక్:
రెండో వాటికన్ మహాసభ తర్వాత మా దినప్రార్థనల పుస్తకంలోంచి 58, 83, 109 కీర్తనలను మొత్తానికే తీసేశారు. 137లో పసిపిల్లలను బండకు కొట్టే వచనం కూడా లేదు. యెరూషలేము కాలి, బబులోనుకు చెరపోయినవాళ్ల ఏడుపు అది. ఏడుపును కత్తిరిస్తే ఏం మిగులుతుంది?

గెట్టుకాడి మనిషి:
నేననేది గదే. "పగతీర్చుట నా పని" అన్నడు దేవుడు (రోమా 12:19). పని ఆయనదైతే ఫిర్యాదు ఆయనకే పోవాలె. ఆడ కూడా నోరు మూపిస్తే ఇగ చెలకకాడ కొడవలి పట్టుకొనే మాట్లాడాలె. దావీదును సూడుండ్రి. తనను చంపజూసిన సౌలు రాజు ఏన్గెదీ గుహల తన చేతికి చిక్కితే బట్ట చెంగు కోసిండే గాని మనిషిని ముట్టలే.

కాజీపేట జంక్షన్:
అదే దావీదు చావబోతూ షిమీని బతకనివ్వొద్దని సొలొమోనుకు చెప్పాడు (1 రాజులు 2). తనను శపించినందుకు! దేవునికి చెప్పుకుంటే మనసు చల్లబడుతుందనే మాట అక్కడే తేలిపోయింది.

గెట్టుకాడి మనిషి:
షిమీ సంగతి మరిచిన. ఒప్పుకుంటున్న, నా దగ్గర జవాబు లేదు.

హన్మకొండ టీచరమ్మ:
ఇంతకీ ఆ అక్క 9వ వచనం కూడా చదివేదేనా? "వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక" అని ఉంటుంది. నేను ఆగేది అక్కడ.

గెట్టుకాడి మనిషి:
ఇయ్యాల పొద్దుగాల ఇదే అడిగిన. రోజూ రాత్రి ఇంట్ల చదువుకుంటదట. ఎనిమిదో వచనం అయినంక ఏకంగా, దేవా నాకు సాయం చెయ్యమనే ఇరవై ఒకటికి పోతదట. "వాని పిల్లలు నన్ను పెద్దమ్మా అంటరు గదా" అన్నది. గెట్టు మాత్రం ఇంకా గాడనే ఉన్నది.