పొగలో వండే సరదా: మంట మనమే చూసుకోవాలా, మెషీన్‌కి వదిలేయొచ్చా?

పెరటి_పొయ్యి (డాలస్)

శనివారం పొద్దున్నే పెరట్లో బొగ్గులు రాజేసి, మేక జబ్బో కోడో పొగలో నెమ్మదిగా వండుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న సరదా. ఇప్పుడు స్నేహితులు ఒక్కొక్కరే పెల్లెట్ స్మోకర్లు, అంటే చెక్క గుళికల్ని దానంతటదే కాల్చి పొగబెట్టే గ్రిల్లు, కొంటున్నారు. "ఇంకా ఆ బొగ్గులతో తంటాలెందుకు? ఫోన్‌లో టెంపరేచర్ పెడితే అదే వండేస్తుంది" అంటున్నారు. అదే వండేస్తే ఇక నా సరదా ఏముంది? తినడమొక్కటే కావాలంటే డాలస్‌లో బార్బెక్యూ హోటళ్లకి కొదవా?

నాది మామూలు గుండ్రటి కెటిల్ గ్రిల్. 1952లో షికాగో ప్రాంతంలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తను పనిచేసే ఫ్యాక్టరీలో తయారయ్యే బోయాని (నీళ్లలో గుర్తుగా తేలే లోహపు గుల్లని) అడ్డంగా కోయించి, పైసగాన్ని మూతగా వాడి చేసిన డిజైన్ ఇది. నేటికీ పెద్దగా మారలేదు. బొగ్గు బిళ్లల్ని లోపలి గోడ వెంట రెండు వరసలుగా, సగం చుట్టుకి పైగా పేరుస్తాను. వాటి మీద అక్కడక్కడా ఓక్ చెక్క ముక్కలు పెట్టి, ఒక చివర మాత్రమే నిప్పు అంటిస్తాను. నిప్పు ఒక బిళ్ల నుంచి పక్క బిళ్లకి పాకుతూ గంటల తరబడి నడుస్తుంది. మాంసం నిప్పు లేని వైపు ఉంటుంది.

ఇక చూసుకోవాల్సింది పొగ. మొదట తెల్లగా, దట్టంగా, కళ్లు మండేలా వస్తుంది. అప్పుడు మాంసం పెడితే చేదెక్కుతుంది. కాసేపటికి పలచబడి, ఎండకి ఎదురుగా చూస్తే లేత నీలంగా, ఉందా లేదా అన్నట్టుగా వస్తుంది. అప్పుడు పెట్టాలి. గాలి మారితే కింది వెంట్ (గాలి వెళ్లే కంత) కొంచెం మూయాలి, నిప్పు మందగిస్తే కొంచెం తెరవాలి. నాకు నచ్చే పని ఇదే. దీన్ని మెషీన్‌కి అప్పగించాక కూడా మీకు అదే తృప్తి ఉంటోందా? పెల్లెట్ వాడేవాళ్లు నిజంగా ఎలా అనిపిస్తోందో చెప్పండి.

రాత్రి_షిఫ్ట్ (న్యూజెర్సీ)

అన్నా, నేను పెల్లెట్ వాడతాను, ఉంటోంది. పెల్లెట్లంటే ఏదో కెమికల్ అనుకునేవాళ్లున్నారు కాబట్టి ముందు ఆ సంగతి. అవి రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన గుళికలు. ఆరెగన్‌లో జో ట్రేగర్ ఈ గ్రిల్‌కి 1980ల్లో పేటెంట్ తీసుకున్నాడు. ఒక మర గుళికల్ని కొద్దికొద్దిగా చిన్న కుండీలోకి తోస్తుంది, ఫ్యాన్ గాలి కొడుతుంది, వేడి తగ్గితే కంట్రోలర్ ఇంకొన్ని తోయిస్తుంది. కాలేది చెక్కే, వచ్చేది చెక్క పొగే.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ చిన్న పిల్లలున్న ఇంట్లో ఆరేడు గంటలు గ్రిల్ పక్కనే కూర్చోవడం కుదరని పని. నా సరదా మసాలాలో ఉంది. ధనియాలు, మిరియాలు, ఎండుమిర్చి దోరగా వేయించి బరకగా దంచి పట్టిస్తాను. ఒక్కోసారి గోంగూర గుజ్జుతో ఊరబెడతాను. పొగకీ గోంగూర పులుపుకీ ఎంత బాగా కుదురుతుందో ఒకసారి చేసి చూడండి. మంట దగ్గర మిగిలిన టైమ్ నేను దీనికి పెడుతున్నాను. సరదా ఫలానా చోటే ఉండాలని రూలేం లేదు కదా అన్నా.

మలక్‌పేట_వంటిల్లు (హైదరాబాద్)

మీ ఇద్దరివీ పెరళ్లున్నవాళ్ల మాటలు. మాది అపార్ట్‌మెంట్. నేను వండినదాని మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు వేసి, దాని మీద చెంచాడు నెయ్యి పోసి వెంటనే మూత పెట్టేస్తాను. అయిదు నిమిషాలు చాలు. కబాబులకైనా పప్పుకైనా ఆ వాసన పట్టేస్తుంది. ఇది మీ లెక్కలో పొగలో వండటం అవుతుందా, కాదా?

పెరటి_పొయ్యి (డాలస్)

రుచి అమోఘం అక్కా, నేనూ చేస్తాను. కానీ అది వండేశాక పొగ పట్టించడం. నేననేది పొగలోనే, ఆ వేడిమీదే వండటం గురించి. రెండూ వేరు అంటాను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనను.

కెమిస్ట్రీ_పిచ్చి (ఆస్టిన్)

"కాలేది చెక్కే, వచ్చేది చెక్క పొగే" అన్నారు న్యూజెర్సీ తమ్ముడు. నిజమే గానీ ఒక ముఖ్యమైన తేడా వదిలేశారు.

పొగ రుచి ఎక్కువగా చెక్కకి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం నుంచి వస్తుంది. అది వేడికి విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ లాంటి పదార్థాలుగా మారుతుంది. పెల్లెట్ మెషీన్‌లో ఫ్యాన్ ఆగకుండా గాలి కొడుతుంది కాబట్టి పొట్టు చాలా శుభ్రంగా కాలిపోతుంది. శుభ్రంగా కాలితే పొగ తక్కువ, రుచీ తేలిక. చెక్క ముక్క నిప్పుల మీద సగం మండుతూ సగం రాజుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ రుచి గాఢంగా ఉంటుంది. కళ్లు మూసుకుని తిన్నా ఈ తేడా చాలామందికి తెలుస్తుంది. పెల్లెట్‌వాళ్లు ఇంకాస్త పొగ కావాలంటే మొదటి రెండు గంటలు వేడి తగ్గించి పెట్టుకోవాలి. మాంసం ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా, తడిగా ఉండగానే పెట్టాలి. తడి మీద, చల్లదనం మీద పొగ బాగా పడుతుంది.

కోసినప్పుడు అంచున కనిపించే గులాబీరంగు పట్టీ చూసి "చూడు, పొగ ఎంత లోపలికెళ్లిందో" అని మురిసిపోతుంటారు. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ వాయువు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు. రుచితో దానికి సంబంధం లేదు.

ఎక్కువమంది టెన్షన్ పడే చోటు ఇంకొకటుంది. పెద్ద ముక్క లోపలి వేడి 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఎక్కడో ఆగిపోయి, గంటల తరబడి కదలదు. గ్రిల్ చెడిపోయిందనుకుని వేడి పెంచేస్తారు. జరిగేదేమిటంటే, మనకి చెమట పట్టి ఒళ్లు చల్లబడినట్టు, మాంసం పైనున్న తేమ ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. ఓపిక ఉంటే వదిలేయండి, పైపొర బాగా గట్టిపడుతుంది. లేకపోతే ఫాయిల్‌లో గట్టిగా చుట్టేయండి, ఆవిరి ఆగి వేడి మళ్లీ ఎక్కుతుంది. బొగ్గయినా పెల్లెట్టయినా ఈ ఆగడం తప్పదు.

అద్దంకి_ఆడపడుచు (సియాటిల్)

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక మాట చెప్పాలనిపించింది. ఎవరినీ నొప్పించాలని కాదు.

మా అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ కట్టెల పొయ్యి మీదే వండింది. వానాకాలంలో కట్టెలు తడిసి మండవు. ఊదుగొట్టం పట్టుకుని ఊది ఊది కళ్లు ఎర్రబడి, దగ్గుతూ పప్పు ఉడికించేది. వంటింటి గోడలు, దూలాలు మసి. మా ఊళ్లో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్నారని తెలిసిన రోజున అమ్మ పొంగిపోయింది. ఆ పొయ్యిని వారం తిరక్కుండా పగలగొట్టించింది. మంట దగ్గర కూర్చోవడంలో తృప్తి ఉందని ఇక్కడ రాస్తుంటే, ఆ పని తప్పనిసరిగా చేసినవాళ్ల సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదేమని అనిపించింది. వద్దనుకుంటే లోపలికెళ్లి స్టవ్ వెలిగించుకోగలిగినవాళ్లకే ఇది సరదా. నా వరకు ఆ పనిని మెషీన్ చేస్తానంటే సంతోషంగా ఇచ్చేస్తాను.

పెరటి_పొయ్యి (డాలస్)

అక్కా, మీరన్నదాంట్లో కాదనడానికేమీ లేదు. మా నాయనమ్మ వంటిల్లూ అంతే. వంటింటి పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తుల్ని తినేసింది, అది పోవాల్సిందే, పోయినందుకు సంతోషించాల్సిందే.

కానీ దాన్నిబట్టి మంట మీద ఇష్టమే తప్పు అనలేం. వాళ్లది నాలుగు గోడల మధ్య, కిటికీ కూడా సరిగా లేని గదిలో, రోజుకి రెండు పూటలు, ఇల్లంతటి ఆకలినీ మోస్తూ చేసిన పని. నాది ఆరుబయట, వారానికో పూట, నాకు నచ్చి చేసేది. మీరన్న తేడా అక్షరాలా ఉంది, అది నాకు దొరికిన వెసులుబాటే. దొరికిన వెసులుబాటుతో చేతుల్తో చేసే పని ఒకటి నేర్చుకుంటున్నాను. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునేవాణ్ణి. నిప్పు నా మాట వినదు, నేనే దాని మాట వినాలి. నాకు కావలసింది అదే. అందుకే మెషీన్ వద్దంటున్నాను.

అద్దంకి_ఆడపడుచు (సియాటిల్)

సరే తమ్ముడూ, మీ మాట అర్థమైంది. అయితే బొగ్గు రాజేయడం దగ్గర్నుంచి బూడిద ఎత్తడం, జిడ్డు గ్రేట్లు తోమడం దాకా అంతా మీరే చెయ్యాలి. మా వీధిలో మగవాళ్లు మాంసం కోసి ఫొటోలు దిగి వెళ్లిపోతారు, గిన్నెలు మాత్రం సింక్‌లో ఉంటాయి.

పెరటి_పొయ్యి (డాలస్)

ఒప్పుకుంటాను. సరదా నాదైనప్పుడు తోమడమూ నాదే.

సీమ_బొగ్గు (కడప)

డాలస్ అన్న ఓక్ అన్నారు. మన దగ్గర ఏ కట్టె వాడాలో ఎవరూ చెప్పలేదు. టెక్సాస్‌లో మెస్కీట్ అని గొప్పగా చెప్పుకునే చెట్టుకి మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టం. 1877లో ఈ చెట్టుని మన దేశానికి తెచ్చి మొదట నాటిన చోట్లలో మా కడప జిల్లా కమలాపురం ఒకటి. ఇవాళ రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద ఎక్కడ చూసినా అదే. మిగతా మొక్కల్ని బతకనివ్వదని రైతులు తిట్టుకుంటారు, కానీ దాని బొగ్గు మాత్రం గట్టిగా, ఎక్కువసేపు, మంచి వేడితో కాలుతుంది. పచ్చి కట్టె పొగ ఘాటు, ఎక్కువసేపు పెడితే చేదు. కాబట్టి కింద తుమ్మ బొగ్గు వేసుకుని, వాసనకి పైన ఎండిన మామిడి గానీ జామ గానీ ముక్కలు పెట్టుకోండి. జామ పొగ కోడికి చాలా బాగుంటుంది.

వేప వద్దు. జిగురుండే పైన్ లాంటివి వద్దు. పాత తలుపులు, రంగులేసిన చెక్కలు, ప్లైవుడ్ అస్సలు వద్దు, వాటిలోని రంగులూ బంకలూ కాలి తిండిలోకొస్తాయి. కట్టె చీల్చి, నీడలో గాలి తగిలేలా కనీసం ఆర్నెల్లు ఆరనివ్వాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే టంగుమని మోగాలి. దబ్ మని మొద్దుగా వినిపిస్తే ఇంకా తడుందన్నమాట.

పచ్చడి_ప్రియ (విజయవాడ)

మాంసం తిననివాళ్ల తరఫున ఒక మాట. టమాటాలు సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టి జామ పొగలో గంటసేపు ఉంచి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో రోట్లో నూరండి. నిప్పుల్లో కాల్చిన పచ్చడిది ఒక రుచి, దీనిది ఇంకో రుచి. రాళ్ల ఉప్పు పళ్లెంలో పరిచి అదే గ్రిల్‌లో ఓ మూల పెట్టేస్తే పొగ ఉప్పు తయారు. మజ్జిగలో చిటికెడు వేసుకోండి.

పోషణ_నిపుణురాలు (హైదరాబాద్)

రుచి గురించి ఇంత మాట్లాడారు, ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఉప్పు పట్టించడం, పొగబెట్టడం కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పే వర్గం అది, ప్రమాదం ఎంతో చెప్పేది కాదు. కాబట్టి నెలకోసారి తింటే భయపడక్కర్లేదు, రోజూ తినే తిండిగా మాత్రం చేసుకోకండి.

ఇంట్లో తగ్గించుకోగలిగింది ఒకటుంది. కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి మండినప్పుడు బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పుట్టి పొగతో పైకొచ్చి మాంసానికి అంటుకుంటాయి. పొగబెట్టిన మాంసంలో బెంజోపైరీన్‌కి యూరప్‌లో కిలోకి 2 మైక్రోగ్రాముల పరిమితి ఉంది. అందుకే నిప్పులు ఒక పక్క, మాంసం ఇంకో పక్క, దాని కింద నీళ్ల ట్రే పెట్టుకోవాలి. పెరటి_పొయ్యి గారు చెప్పిన పద్ధతిలో ఇది చాలావరకు ఉంది. ఇక ఈ బాధంతా ఎందుకని సీసాలో దొరికే లిక్విడ్ స్మోక్ వాడేవాళ్లకి: 2024లో యూరోపియన్ యూనియన్ 8 రకాల పొగ ఫ్లేవర్లకి అనుమతి పొడిగించలేదు, డీఎన్‌ఏకి హాని చేస్తాయేమోనన్న అనుమానంతో. సీసాలో ఉన్నంత మాత్రాన సురక్షితం అనుకోకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు మూసిన బాల్కనీలో బొగ్గు గ్రిల్ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి. ఆరుబయట లేకపోతే మలక్‌పేట గారి నెయ్యి పద్ధతి నయం, అదీ కిటికీలు తెరిచి.

రాత్రి_షిఫ్ట్ (న్యూజెర్సీ)

ఆస్టిన్ అన్న చెప్పినట్టు నిన్న మొదటి రెండు గంటలు 180 ఫారెన్‌హీట్ మీద పెట్టి తర్వాత పెంచాను. పొగ రుచి బాగా పెరిగింది, థాంక్స్. మెషీన్ అమ్మే ఆలోచనైతే లేదు! డాలస్ అన్నా, మేక జబ్బ మీ దగ్గర ఎండిపోకుండా ఎలా వస్తోంది? దానికి కొవ్వు తక్కువ కదా.

పెరటి_పొయ్యి (డాలస్)

ముందు రోజు రాత్రే ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టు. గ్రిల్ 250 డిగ్రీల దగ్గర ఉండాలి (నా లెక్కలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). రెండు మూడు గంటలకి పైన రంగు తిరిగాక, లోతు ట్రేలో ఉల్లిపాయ ముక్కలు, కాసిన్ని నీళ్లు, చెంచాడు నెయ్యి వేసి, జబ్బ అందులో పెట్టి ఫాయిల్‌తో బిగించెయ్. లోపలి వేడి 195 దాటి, థర్మామీటర్ పుల్ల వెన్నలోకి దిగినట్టు దిగితే అయిపోయినట్టే. ముక్క పెద్దదైతే అయిదారు గంటలు పడుతుంది. దించాక కనీసం అరగంట ఆగి విడదియ్యి. ట్రేలో మిగిలిన రసం పారబొయ్యకు, పులావుకి పనికొస్తుంది.

కోడికి ఇంతసేపు అక్కర్లేదు. తొడ దగ్గర 165 దాటితే చాలు, కానీ తోలు సాగకుండా ఉండాలంటే చివర్లో గ్రిల్ వేడి 325కి పెంచు.

మెషీన్ మీద నా మాట మాత్రం మారలేదు తమ్ముడూ. ఒక శనివారం డాలస్ వైపు వస్తే చెప్పు, బొగ్గులు నీ చేతే రాజేయిస్తాను.

రాత్రి_షిఫ్ట్ (న్యూజెర్సీ)

వేసవి సెలవుల్లో పిల్లలతో వస్తున్నాం అన్నా. గోంగూర నేను తెస్తా.